వంకర గళ్ళ బాసింగం

పూసల పని చేసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ముందు జాలి వేస్తుంది, వెంటనే కోపం వస్తుంది. జాలి వాళ్ళ కళ్ళ మీద. కోపం పూసల మీద. ఆవగింజ కన్నా ఒక పిసరు పెద్దవి. చేతిలో ఉన్నంతసేపు ఉన్నట్టే ఉంటాయి, కింద పడితే మాత్రం మంచం కిందికి, బీరువా కిందికి, చివరికి బియ్యం డబ్బాలోకి కూడా పోతాయి. కల్యాణం అయిపోయిన ఎన్నో నెలలకు మా ఇంట్లో పప్పు తింటూ మా ఆయన ఒక ఎర్ర పూస కొరికి, "దేవుని ప్రసాదమా గిది?" అన్నాడు. నేను నవ్వలేదు.

అసలు ఆ పని నాకు అవసరం లేదు. నోరు ఊరుకోక తెచ్చుకున్నది.

మా వాడకట్టులో నరసింహస్వామి గుడి ఉంది. పెద్ద గుడేమీ కాదు. నల్గొండ నుంచి వచ్చే బస్సు ఆగే చోట దిగి, రెండు సందులు తిరిగితే కనిపిస్తుంది. శనివారాలు భజన, ఏకాదశులకు పారాయణం, ఏడాదికోసారి కల్యాణం. నేను పోచంపల్లిలో మగ్గాల ఇంట్లో పుట్టాను. మగ్గం చప్పుడు ఒక చెవిలో, ఎదురుగా ఉన్న భజన మందిరం తాళాలు ఇంకో చెవిలో పెట్టుకుని పెరిగాను. చిన్నప్పుడే పారాయణానికి కూర్చోబెట్టారు. అత్తగారింటికి వచ్చాక ఆ గుడే నాకు పుట్టిల్లయింది.

గుడికి ఒక ఆనవాయితీ ఉంది. కల్యాణానికి కావలసిన వస్తువు ఏ చేతులతో తయారైతే ఆ చేతులే దాన్ని ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని, మేళం ముందు నడుస్తుంటే ఇంటి నుంచి మండపం దాకా మోసుకు రావాలి. తలంబ్రాలు ఒకరు, పూలదండలు ఒకరు. స్వామికీ అమ్మవారికీ నుదుట కట్టే బాసింగాలు మా అత్తమ్మ. ఆమె కోడలిగా వచ్చిన నాటి నుంచీ అవి ఆమె చేతి పనే. అట్టముక్క మీద పసుపు గుడ్డ చుట్టి, చుట్టూ ముత్యాలు, మధ్యలో జరీ. చూడ్డానికి సాదాగా ఉండేవి. స్వామి నుదుటికి మాత్రం ఆయనకోసమే పుట్టినట్టు అతికేవి.

మామయ్య పోయాక అత్తమ్మను పెళ్ళి పనులకు పిలవడం మానేశారు. పొమ్మని ఎవరూ అనలేదు. పిలవలేదు, అంతే. పసుపు దంచే రోజు పిలుపుకు వచ్చినవాళ్ళు మా గడప దాటేసి పక్కింటికి పోయేవారు. బొట్టు పళ్ళెం ఆమె ముందుకు వచ్చి మెల్లగా పక్కకు జరిగేది. బాసింగాలు మాత్రం ఎవరికీ చేతకాక ఆమెకే మిగిలాయి. ఏడాదిలో ఆ ఒక్కరోజు, ఆ ఒక్క పళ్ళెంతో ఆమె అందరి ముందు నడిచేది. ఆ రోజు కట్టుకోవడానికని ఒక పట్టుచీర విడిగా దాచుకునేది. మిగతా ఏడాది దాని మడత విప్పేది కాదు.

తర్వాత ఆమె కుడిచేతికి వణుకు వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే మందులు రాశారు. వణుకు కొంత తగ్గింది కానీ పోలేదు. ఆ ఏడాది కల్యాణం పనులు మాట్లాడుకోవడానికి గుళ్ళో కూర్చున్నప్పుడు గుడి కార్యదర్శి తన ఫోను తీసి అందరికీ ఒక ఫోటో చూపించాడు. హైదరాబాదు దుకాణంలో బాసింగాలట. రాళ్ళు, అద్దాలు, తళతళలు.

"ఈసారికి గివి తెప్పిద్దాం. పెద్దమ్మను ఇంక తక్లీఫ్ పెట్టుడెందుకు? చేతులు సాగుతలేవాయె" అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. నిజంగానే ఆమె కష్టం తప్పిద్దామనుకున్నాడు. అత్తమ్మ వణికే చేతిని కొంగు కిందికి లాక్కుంది. నాకు అది చూసి ఎక్కడో మండింది.

"దుకాణంల కొన్నది ఎవరి చేతి పని అన్నా? పళ్ళెం ఎవరు మోస్తరు?" అన్నాను.

"కమిటీ తరఫున ఎవరన్న మోస్తరు తియ్."

"అక్కర్లేదు. బాసింగాలు మా ఇంట్లనే తయారైతయి. మీ ఫోటోల ఉన్నదానికన్న మంచిగ చేస్తం."

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ముత్యాలు, అట్ట, పాత పద్ధతిలోనే నేను కుట్టి ఉంటే రెండు మధ్యాహ్నాల పని. కానీ ఫోటోలో ఉన్నదానికన్న మంచిగా అన్నాను కదా, అదీ స్వామి ముందు, దీపం వెలుగుతుండగా.

మా అమ్మాయి నల్గొండలో డిగ్రీ చదువుతోంది. సాయంత్రం బస్సు దిగి రాగానే దాన్ని ఫోను ముందు కూర్చోబెట్టాను. అది వెతికి వెతికి ఒక పూసల పట్టీ నమూనా తీసింది. మధ్యలో నామం, అటు చక్రం, ఇటు శంఖం. చుట్టూ పసుపు, అంచుకు ఎరుపు. కింద వేలాడే చిన్న ముత్యాలు. అమ్మవారికి తామరపువ్వు. చూడగానే నా కళ్ళు నిండాయి.

"గిది పెయోటీ కుట్టు అమ్మా. అట్ట ఉండదు, గుడ్డ ఉండదు. పూసకు పూసే పట్టుకుంటది. జర కష్టం అంటున్నరు" అంది.

"గళ్ళ కాగితం ఉన్నది గదా, ఇంకేం కష్టం? నేను పుట్టిందే గళ్ళ కాగితం ముంగట" అన్నాను.

పోచంపల్లి వాళ్ళకు అదొక పొగరు. మా నాయిన గళ్ళ కాగితం మీద ఏనుగును వేసి, దాన్ని చూసి నూలు ముడులు కట్టి, రంగులో ముంచి, మగ్గం మీద ఏనుగును నడిపించేవాడు. ఆ ఇంటి పిల్లకు నామం, శంఖం ఒక లెక్కా?

పని మొదలుపెట్టిన రోజు తలస్నానం చేసి, దీపం పెట్టి, దారం ముందుంచుకున్నాను. మా అమ్మాయి ఫోనులో చూపించిన వీడియోలో కుట్టే ఆమె నైలాన్ దారం వాడింది. స్వామి పెళ్ళికి నైలాన్ ఏమిటి? నూలు దారం తీసుకుని పసుపులో తడిపి ఆరబెట్టాను. పెళ్ళి దారం పసుపుగా ఉండాలి కదా. ఎండిన దారాన్ని చూసి ఎంత ముచ్చటపడ్డానో!

ఈ కుట్టులో ప్రతి పూసలోంచీ దారం ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పోవాలి. ముందు కొన్ని పూసలు వరుసగా ఎక్కించుకుంటాం. తర్వాత కొత్త పూస ఒకటి తీసుకుని, పాత పూస ఒకటి వదిలేసి, దాని పక్క పూసలోంచి సూది దూర్చాలి. మళ్ళీ ఒకటి తీసుకోవాలి, ఒకటి వదలాలి, ఒకదాంట్లో దూర్చాలి. పసుపు పట్టి ఉబ్బిన నా నూలు దారం మొదటిసారి బాగానే పోయింది. రెండోసారి ఇరుక్కుంది. నేను లాగాను. తెగింది.

పూసలు తలోదిక్కుకు పరుగెత్తాయి. అరుగు మీద కూర్చున్న అత్తమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"పెండ్లి దారం తెంపినవా?"

"నేను తెంపలే అత్తమ్మా, అదే తెగింది."

"ఎట్లయితేంది? తెగొద్దు. కత్తెర పెట్టొద్దు, పండ్లతోని కొరకొద్దు. తప్పయితే ఎన్కకు తీసుకుంట రావాలె గని తెంపద్దు."

"గిది ఏ పురాణంల ఉన్నది? నేను అన్ని చదివిన, నాకు ఏడ కనపడలే."

"నా పురాణంల ఉన్నది. ఊకో."

నేను చదివినవాటిలో నిజంగానే లేదు. కానీ నలభై కల్యాణాలకు పైగా చేసిన మనిషితో వాదన పెట్టుకోవడానికి నా చదువు సరిపోలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కత్తెర బీరువాలోకి పోయింది. తప్పు వస్తే సూదిని తిరగేసి, వచ్చిన దారినే, పూస పూసా విప్పుకుంటూ పోవాలి. ఈ కుట్టు పైకి ఎంత సులువో, వెనక్కి అంత నరకం. సూది వెనక్కి వచ్చేటప్పుడు దారాన్నే చీల్చుకుని వస్తుంది.

నూలు కాదని పుట్టింటి నుంచి పట్టు పోగు తెప్పించాను. అది మెత్తగా ఉండి సూదిలోకి ఎక్కకపోతే, మగ్గానికి ఎక్కించే నూలుకు పెట్టినట్టు గంజి పెట్టాను. మా ఇళ్ళలో ఏ దారమైనా మాట వినకపోతే గంజి పెడతారు. దారం మాట విన్నది. పూసలు వినలేదు. గంజి పూసల చిల్లుల్లో గట్టిపడి అవి గవ్వల్లా మూతులు మూసుకున్నాయి. మర్నాడు పొద్దున చూస్తే చీమలు బారులు కట్టి ఉన్నాయి.

కడుపు మండి గుడి అయ్యగారి దగ్గరికి పోయాను. "నైలాన్ దారం స్వామికి పనికొస్తదా, లేదా? ఒక్క మాట చెప్పండి" అన్నాను.

ఆయన కుంకుమ చేతులు తుడుచుకుంటూ పందిరి వైపు చూపించాడు. "ఆ పందిరి కట్టిన తాళ్ళేంటియమ్మా? నైలానే. స్వామి ఏండ్ల నుంచి దాని కిందనే పెండ్లి చేసుకుంటున్నడు. నిన్నేమన్న అడిగిండా?"

ఆ మాట మొదటి రోజే అడిగి ఉంటే!

నైలాన్ దారం సూదిలోకి ఎక్కింది, పూసల్లోంచి పోయింది. ఇక కష్టాలు తీరాయనుకున్నాను. నమూనా కాగితం మాత్రం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మా అమ్మాయి నల్గొండలో ప్రింటు తీయించుకొచ్చింది. గళ్ళు ఒకదాని పక్కన ఒకటి నేరుగా లేవు. ఒక గడి పైకి, ఒక గడి సగం కిందికి, మళ్ళీ ఒకటి పైకి, ఇటుకల గోడను పక్కకు పడేసినట్టు ఉంది. ప్రింటు వంకరగా వచ్చిందనుకున్నాను. దుకాణం వాడు కాగితం సరిగ్గా పెట్టలేదని మా అమ్మాయి మీద కూడా అరిచాను. తర్వాత పుట్టింటి నుంచి తెచ్చుకున్న గళ్ళ కాగితం తీసి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, ఆ వంకర నమూనాను చక్కగా నేరుగా దించాను. ఎంత శుభ్రంగా వచ్చిందంటే, నాయిన ఉంటే భుజం తట్టేవాడు.

దాన్ని చూస్తూ కుట్టడం మొదలుపెట్టాను.

నామం దగ్గర అంచులు చెదిరినట్టు వచ్చాయి. నేను భయపడలేదు. మా పోచంపల్లి చీరల్లో అంచులు చెదరడమే అందం. రంగు ఒక గడి నుంచి ఇంకో గడిలోకి పాకితేనే అది చేతి పని అంటారు. ఇది కూడా అంతేననుకున్నాను. సాగాను. చక్రానికి ఒక పక్క పొట్ట వచ్చింది. సాగాను. శంఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకే అనుమానం వచ్చింది. పట్టీని ఎత్తి అత్తమ్మకు చూపించాను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"కాకరకాయెందుకు పెట్టినవే పిల్లా?"

"శంఖం అత్తమ్మా."

"శంఖమా?" పట్టీని తలకిందులు చేసి చూసింది. "ఇట్ల చూస్తే వంకాయ లెక్కుంది."

సాయంత్రం మా అమ్మాయి వచ్చి నా కాగితాన్నీ తన ప్రింటునూ పక్కపక్కన పెట్టింది. గళ్ళను వేలితో ఒక్కొక్కటీ పోల్చి చూసింది. తర్వాత చాలా మెల్లగా, బడిలో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, వంకర ప్రింటుల లేదు. కుట్టే గట్లుంటది. నువ్వు మొదలు ఎక్కించిన పూసలు ఒక్క వరుస కాదు, రెండు వరుసలు. ఒకటిడిసి ఒకటి కిందికి జరుగుతయి. ఆ సందుల్ల కొత్త పూస కూసుంటది. నువ్వు అన్నిటిని నేరుగ చేసేసినవ్."

"అంటే?"

"అంటే మొదటి నుంచి ఇప్పాలె."

కత్తెర బీరువాలో ఉంది. తాళం చెవి అత్తమ్మ నడుముకు ఉంది.

మూడు మధ్యాహ్నాలు విప్పాను. ఆ మూడు మధ్యాహ్నాలూ స్వామితో నేను మాట్లాడిన మాటలు భజనలో పాడేవి కావు. 'స్తంభం చీల్చుకుని వచ్చినోడివి, ఒక ముడి విప్పడానికి రావా?' అని అడిగాను. రాలేదు. ఒక పూస పగిలి వేలికి గుచ్చుకుంది.

మళ్ళీ కుట్టేటప్పుడు ఇంకో చిక్కు. ఏ పని చేసినా పెదాల మీద నామం నడుస్తూనే ఉండాలని చిన్నప్పుడు భజన మందిరంలో నేర్పారు. బియ్యం కడిగినా, అంట్లు తోమినా నామమే. పూసలు చేతిలోకి వచ్చేసరికి వేళ్ళు అలవాటు కొద్దీ జపమాల అనుకున్నాయి. ఒక నామం, ఒక పూస. ఒక నామం, ఒక పూస. ఏ రంగో చూడవు. నామం అయిపోగానే వేళ్ళు ముందుకు జరిగిపోతాయి. చూసుకుంటే తెల్ల పూస ఉండాల్సిన చోట ఎర్ర పూస. నామం మానేసి "రెండు తెల్లవి, ఒక ఎర్రది, రెండు పసుపువి" అని లెక్క పెట్టుకుంటే పని సాగేది. కానీ దేవుని పని దేవుని పేరు లేకుండా చేస్తున్నానని మనసు గుచ్చేది. పేరు తలుచుకుంటే తప్పు, తలుచుకోకపోతే పాపం. ఇంతకన్నా మంచి పరీక్ష ఆయనకు దొరకలేదా?

శంఖం ఈసారి శంఖంలాగే వచ్చింది. పట్టీ మాత్రం నిటారుగా ఉండక పాములా మెలి తిరిగింది. కారణం వెతికితే పూసలు ఒక్క సైజువి కావు. నల్గొండ ఫ్యాన్సీ దుకాణంలో ఒక్క పొట్లంలోనే గుండ్రటివి ఉన్నాయి, చదునువి ఉన్నాయి, సగం విరిగినవి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏరి కుట్టాలంటే వచ్చే కల్యాణానికి కూడా కాదు.

అప్పుడు నేను చేసిన పని, పూసల పళ్ళేన్ని పక్కకు నెట్టి, గోడకు తల ఆనించి ఏడవడం.

అత్తమ్మ చూస్తూ కూర్చుంది. అసలు ఈ పని మొదలైనప్పటి నుంచీ ఆమె దాన్ని ముట్టుకోలేదు. నాకు దాని గురించీ విసుగే. మొదట్లోనే ఒక ఉపాయం చెప్పాను. "మొత్తం నేను కుడ్త. చివర ఒక పూస నువ్వు ఎక్కియ్. నీ చేతి పని అయితది. పళ్ళెం నువ్వే పట్టుకోవచ్చు" అన్నాను.

"దేవుని ముంగట దొంగ లెక్కనా? నేను చెయ్యంది నేను మొయ్య" అంది. అంతే. తర్వాత ఎంత చెప్పినా వినలేదు. సూది పట్టించి చూశాను కూడా. వణికే చేతికి ఆ చిల్లు దొరకలేదు. రెండుసార్లు ప్రయత్నించి, సూది నా ముందు పెట్టి, లేచి వెళ్ళిపోయింది. నేను ఎవరి పళ్ళెం కోసం ఇంత పాట్లు పడుతున్నానో ఆ మనిషే పళ్ళెం వద్దంటోంది!

నేను ఏడుస్తుంటే ఆమె లేచి వంటింట్లోకి పోయి చాట తెచ్చింది.

"పొయ్యి దీంట్ల."

"ఏంటివి?"

"పూసలే. బియ్యంల నూకలు తీసినట్టు తీద్దాం."

"అవి పూసలు అత్తమ్మా, బియ్యం కాదు."

"నీకు పెయోటీ తెలుస్తదేమో గని చాట తెల్వదు. పొయ్యి."

చాటను ఆమె తొడ మీద కొంచెం వాలుగా పెట్టుకుంది. మామూలు చేతి వాళ్ళయితే తట్టాలి. ఆమెకు తట్టే పని లేకపోయింది. చేతి వణుకే చాటలోకి దిగింది. సన్నగా, ఆగకుండా చాట వణుకుతుంటే గుండ్రటి పూసలు దొర్లుకుంటూ ముందుకు వచ్చాయి. చదునువి, విరిగినవి వెనకే చతికిలబడ్డాయి. అన్నీ విడిపోలేదు. మళ్ళీ మళ్ళీ చేయాల్సి వచ్చింది. చివరికి మిగిలినవి ఆమె కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటీ వేలితో జరుపుకుంటూ ఏరింది. నేను ఖాళీ గిన్నె ముందుకు జరిపాను. ఆమె పూసలు పోస్తూ అంది.

"గీ రోగం గిట్లన్న పనికొచ్చింది."

మెలి తిరిగిన పట్టీని మళ్ళీ మొదటి నుంచీ విప్పి ఆ పూసలు కూడా చాటలోనే పోశాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె చాట పట్టుకుని రంగు రంగుకూ విడిగా ఏరి గిన్నెల్లో పోసేది. నేను కుట్టేదాన్ని. తిట్లు తగ్గలేదు. "జల్ది కానియ్యి, స్వామికి ముసల్తనం వస్తది" అనేది. "నువ్వు ఇచ్చిన పూసల్ల ఒకటి చదునుది దొరికింది" అని నేను చూపిస్తే, "అది నీ ఏళ్ళల్ల నొక్కుకుపోయి చదునయ్యింది" అనేది. కానీ పట్టీ నిటారుగా వచ్చింది. స్వామిది అయ్యాక అమ్మవారిది త్వరగానే అయింది. తామరపువ్వుకు శంఖమంత పొగరు లేదు.

కల్యాణానికి ముందు శనివారం భజన అయ్యాక రెండు బాసింగాలూ గుళ్ళో చూపించాను. అందరూ చేతుల్లోకి తీసుకుని చూశారు. కార్యదర్శి తన ఫోను తీసి పాత ఫోటో పక్కన పెట్టి చూసి, "గివే మంచిగున్నయి" అని ఒప్పుకున్నాడు. మా భజన బృందానికి పెద్ద అయిన ఆమె, అందరం అక్కా అని పిలుస్తాం, నన్ను దగ్గరికి తీసుకుంది.

"నీ చేతుల్ల సరస్వతి ఉన్నదే. ఈసారి పళ్ళెం నువ్వే పట్టుకోవాలె. చేసిన చెయ్యే మోయాలె గదా."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె స్తంభం దగ్గర కూర్చుని ఉంది. చేయి మళ్ళీ కొంగు కిందికి పోయింది.

"అవును, కోడలే పట్టుకుంటది" అంది మెల్లగా. ఆమె గొంతులో ఏమీ లేదు. అది ఇంకా భరించలేకపోయాను.

"అత్తమ్మ కూడ చేసింది అక్కా. పూసలన్ని ఆమెనే ఏరింది" అన్నాను.

"ఏరుడు వేరు, కుట్టుడు వేరు గదనే."

కార్యదర్శి మధ్యలో వచ్చాడు. "అట్ల కాదమ్మా. పెద్దమ్మ మస్తు ఏండ్లు చేసింది, ఎవరు కాదంటరు? గని గిది పెండ్లి పని గదా..."

అక్కడ ఆగాడు. ఆ తర్వాతి మాట అందరికీ తెలుసు. ఎవరి నోటా రాలేదు. నాకు పూసల మీద ఇన్నాళ్ళూ వచ్చిన కోపమంతా ఒక్కసారి వాళ్ళ మీదికి మళ్ళింది. కానీ నేను నోరు తెరవకముందే అత్తమ్మ అడిగింది.

"పెండ్లి పని గదా అంటే? చెప్పు బిడ్డా. మాట సగంల ఇడిసిపెట్టొద్దు."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నేను అక్క వైపు తిరిగాను. "అక్కా, పోయినేడు తలంబ్రాల పళ్ళెం ఎవరు మోసిండ్రు?"

"నేనే."

"బియ్యం నువ్వు పండించినవా?"

"ఏం మాటనే అది?"

"పండించలే. దంచలే. విరిగిన గింజ లేకుండ ఏరినవ్. వారం దినాలు కూసోని ఏరినవ్. అందుకే నీది చేతి పని అన్నం, మేళం పెట్టి తీసుకొచ్చినం. ఏరుడు పని కాకపోతే పోయినేడు నీ తలంబ్రాలు ఎట్ల మోసినవ్?"

తాళాలు పట్టుకున్న వాళ్ళలో ఒకరికి దగ్గు వచ్చింది. అది నవ్వే.

"అత్తమ్మా," అన్నాను, "నువ్వే చెప్పు. స్వామి ఎదురుంగ ఉన్నడు. ఒక్క పూస అన్న నువ్వు ఏరకుండ దీంట్ల ఉన్నదా?"

అబద్ధం చెప్పని మనిషి కదా. ఆమె బాసింగం వైపు చూసింది, స్వామి వైపు చూసింది, కాసేపు లెక్క వేసుకుంది.

"లేదు" అంది. "అన్ని నేనే ఏరిన. కండ్లు పోయెటట్టు ఏరిన. ఈమె ఏమో చదునుది ఒకటి వచ్చిందని నా మీద లొల్లి."

గర్భగుడి గడప దగ్గర నిలబడి వింటున్న అయ్యగారు గంట సరిచేస్తూ అన్నాడు. "ఏరినామె ముంగట, కుట్టినామె ఎన్క. మేళమోళ్ళకు చెప్పుండ్రి, మొదలు ఆ ఇంటికే రావాలె."

అంతటితో ఆ మాట అయిపోయింది. అక్క నాతో రెండు శనివారాలు సరిగ్గా మాట్లాడలేదు. మూడో శనివారం తాళాలు నా చేతికే ఇచ్చింది.

కల్యాణం రోజు పొద్దున అత్తమ్మ ఆ పట్టుచీర మడత విప్పింది. ఇత్తడి పళ్ళెంలో కొత్త గుడ్డ, గుడ్డ మీద బాసింగాలు. మేళం మా సందులోకి వచ్చింది. ఆమె పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తుకుని గడప దాటింది. నేను వెనకే.

నాలుగు అడుగులు వేసేసరికి ఒక చప్పుడు మొదలైంది. చేతి వణుకుకు గుడ్డ పక్కకు జరిగి, బాసింగాల కింద వేలాడే చిన్న ముత్యాలు పళ్ళెం అంచుకు తగులుతున్నాయి. టిక్ టిక్ టిక్ టిక్, సన్నాయి కింద సన్నగా, ఆగకుండా. ఇన్ని వారాలు, ఇన్ని విప్పుళ్ళు, ఇప్పుడు ఈ సందు మొగదల రాళ్ళ మీద ఆ పళ్ళెం ఒరిగితే? దారం ఎక్కడ చిక్కుకుని తెగుతుందో! పైగా ఆమె భుజం మీదుగా చూస్తే శంఖం తోక దగ్గర పసుపు ఉండాల్సిన చోట ఒక ఎర్ర పూస నన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఎలా కనపడలేదో నాకు తెలియదు. ఏదో నామం దగ్గర వేళ్ళు జారి ఉంటాయి.

గుడి మెట్ల దగ్గర ఉండబట్టలేక ముందుకు వెళ్ళి పళ్ళెం కింద నా చెయ్యి పెట్టాను.

అత్తమ్మ ఆగింది. మేళం కూడా ఆగింది. మెట్ల మీద కార్యదర్శి, అక్క, అందరూ చూస్తున్నారు. ఆమె నా వైపు తిరగలేదు.

"చెయ్యి తియ్యి పిల్లా" అంది. "చప్పుడయితే కానియ్యి. స్వామికి నేనొస్తున్నట్టు తెలుస్తది."

చెయ్యి తీశాను. ఆమె మెట్టెక్కింది. మేళం మళ్ళీ మొదలైంది.